అరసవల్లి ఇంట్లో పగడాలు

రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి ఈమధ్యే ఇంటికొచ్చి కూర్చున్నాను. అలాంటి ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీరు భలేగా పట్టుకున్న కేసు ఒకటి చెప్పండి సార్ అంటుంటారు. పట్టుకున్న కేసులో చెప్పడానికి ఏముంటుంది? చెరువులో ప్రాణవాయువు తగ్గింది, ఏరేటర్లు తిప్పమన్నాం, రొయ్య బతికింది, అయిపోయింది. నేను చెప్పదలచుకున్నది రెండు నెలలపాటు నా బుర్ర తినేసిన కేసు. అది చెరువు కూడా కాదు, అరసవల్లిలో ఒక ఇంటి ముందుగదిలో పెట్టిన గాజు తొట్టె.

మా ల్యాబు విజయనగరంలో ఉండేది. ఒకరోజు మా యజమాని నన్ను పిలిచి, "అరసవల్లిలో మా మావ ఇంట్లో పగడాల తొట్టి ఉన్నాది. అయ్యి సచ్చిపోతన్నాయంట. నువ్వోపాలి ఎల్లి సూసిరా" అన్నాడు.

"పగడాలు ఉంగరంలో పెట్టుకుంటారు గానీ తొట్టిలో పెంచడవేటండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆ తొట్టి పోతే మావ కూడా మనకి దక్కడని అత్త ఏడస్తన్నాది" అన్నాడు.

ఆ మామగారు పాతికేళ్ళు అండమాన్‌లో పడవ నడిపాడు. అడుగున అద్దం బిగించిన పడవ. యాత్రికులను ఎక్కించుకుని వెళ్ళి, కింద సముద్రంలో పగడాలు చూపించడం ఆయన పని. మన సిక్కోలు మనుషులు అండమాన్ వెళ్ళి బతకడం కొత్తేమీ కాదు. తిరిగొచ్చేటప్పుడు అందరూ డబ్బో బంగారమో తెచ్చుకుంటారు, ఈయన ఆ పిచ్చి తెచ్చుకున్నాడు. అక్కణ్ణుంచి ఒక్క ముక్క కూడా తేలేదు, తేవడం నేరమని ఆయనకు బాగా తెలుసు. మెత్తని రకాలు, అమ్మడానికి అనుమతి ఉన్నవి, కాగితాలతో సహా కొని రెండు వందల లీటర్ల తొట్టెలో పెంచాడు. నేను వెళ్ళేసరికి ఆయనకు పక్షవాతం వచ్చి రెండు నెలలైంది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది గానీ తిరిగి ఏమీ చెప్పలేడు.

ఆయన భార్య నన్ను లోపలికి తీసుకెళ్ళి తొట్టె చూపించడానికి ముందు ఆయన్ను చూపించింది. కిటికీ పక్కన చెక్క కుర్చీ, దానికి ఎదురుగా తొట్టె.

"బాబూ, ఈ తొట్టి ఎదర కూకోబెడితేనే ఆ పడిపోయిన సెయ్యి ఎత్తడానికి సూస్తన్నారు. గోడేపు తిప్పితే ఏలు కూడా కదపరు. ఈ రెణ్ణెల్లూ సెయ్యి ఆడించకపోతే ఇంక రాదని డాక్టరమ్మ సెప్పింది. ఇయ్యేమో ముడుసుకుపోతన్నాయి. ఇయ్యి ముడుసుకుంటే ఆయన కూడా మొకం తిప్పేస్తన్నారు" అంది.

అదీ సంగతి. తొట్టెలో ప్రాణం ఉంటే ఆయన చేతిలో ప్రాణం ఉంటుంది. అంత బరువు నా నెత్తిన పెడుతున్నారని తెలిసి కూడా నేను పెద్దగా బెదరలేదు. ఎకరాల చెరువులు చూసినవాణ్ణి, ఈ గాజు డబ్బా ఒక లెక్కా అనుకున్నాను.

మొదటిరోజు నీళ్ళు తీసి చూస్తే కారణం తేలిగ్గానే దొరికింది. ఆయన మంచాన పడ్డాక తొట్టె నీళ్ళు మార్చినవాళ్ళు లేరు. మురికి పేరుకుపోయింది. ఒక కాగితం తీసి పెద్ద అక్షరాలతో రాశాను: ప్రతి ఆదివారం ఒక బకెట్టు పాత నీళ్ళు తీసి, ఒక బకెట్టు కొత్త నీళ్ళు పొయ్యాలి. బకెట్టుకు ఇన్ని గ్లాసుల ఉప్పు. ఈ ఉప్పు వంటింట్లోది కాదు, తొట్టెల కోసమే సంచుల్లో అమ్మే సముద్రపు ఉప్పు. ఆయన తెచ్చి పెట్టుకున్న సంచులు ఇంట్లోనే ఉన్నాయి. కాగితాన్ని తొట్టె పక్కన గోడకు అంటించాను.

ఆవిడ చదువుకుని, "ఆదివారమే సెయ్యాలా బాబూ?" అని అడిగింది.

"ఆదివారమేనమ్మా. ఒక రోజని పెట్టుకుంటే మర్సిపోరు. ఇందులో రాసింది రాసినట్టు సెయ్యండి, సొంత తెలివి మాత్రం వాడకండి" అన్నాను. రైతులతో మాట్లాడీ మాట్లాడీ నాకు ఆ దురుసుతనం అలవాటైపోయింది. ఆవిడ తలూపింది.

అప్పటినుంచి ప్రతి బుధవారం అరసవల్లి వెళ్ళేవాణ్ణి. బుధవారమే ఎందుకంటే ఆ రోజు శ్రీకాకుళం వైపు చెరువుల నమూనాలు తెచ్చుకునే పని ఉండేది. అదీగాక ఆదివారం అరసవల్లిలో కాలు పెట్టడం నావల్ల కాదు. సూర్యదేవుడి వారం, ఎక్కడ చూసినా జనం, ఆటో దూరే సందుండదు.

మూడో బుధవారానికి నీళ్ళలో మురికి బాగా తగ్గింది. అన్ని పరీక్షలూ చక్కగా వచ్చాయి. సెలినిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, లీటరుకు ముప్ఫై అయిదు గ్రాములు, అచ్చం సముద్రంలో ఉన్నట్టే. ఇంకేం, గెలిచాననుకుని తొట్టెలోకి చూస్తే పగడాలు మొదటిరోజు కంటే అన్యాయంగా ఉన్నాయి. అరచేయంత తోలు పగడం ఒకటి ఉండేది, బాగున్నప్పుడు దాని ఒంటినిండా సన్నటి వేళ్ళు ఆడుతూ ఉంటాయట. అది ఎండిన తోలు ముక్కలా ముడుచుకుపోయింది. చొక్కా గుండీల్లా గుంపుగా పెరిగే రకం ఒకటి, దాని మూతులన్నీ మూసుకుని ఉన్నాయి. తొట్టెలో ఉన్న రెండు చేపలు మాత్రం నిక్షేపంలా తిరుగుతున్నాయి. నీళ్ళు బాగుపడ్డాయి, పగడాలు పాడయ్యాయి. ఇదెలా సాధ్యమో నాకు అంతుపట్టలేదు.

నాకు అర్థం కానప్పుడు ఎదుటివాళ్ళ మీద అనుమానం వస్తుంది. అది నా జబ్బు. ఆవిణ్ణి అడగడం మొదలుపెట్టాను. ముందుగదిలో సాంబ్రాణి వేస్తున్నారా? వేస్తున్నానంది. మానెయ్యమన్నాను, మానేసింది. రాగి చెంబుతో ఏమైనా పోస్తున్నారా, రాగి వీటికి విషం అన్నాను. లేదు బాబూ అంటూనే ఇంట్లో ఉన్న రాగి సామానంతా అటక ఎక్కించింది. దోమల మందు ప్లగ్గు పెడుతున్నారా? పెడుతున్నానంది. తీసేయించాను. మరుసటి బుధవారం వెళ్ళేసరికి పెద్దాయన చేతులనిండా దోమకాట్లు. కదపలేని చెయ్యి మీద దోమ వాలితే తోలుకోలేడు కదా. ఆవిడ పక్కన కూర్చుని పేపరు మడతతో విసురుతోంది. నాకు సిగ్గనిపించింది.

"ఉప్పు కొలత ప్రకారమే ఏస్తన్నారా అమ్మా?" అని కూడా అడిగాను.

"గ్లాసుడు తేడా రానియ్యలేదు బాబూ. లెక్కెట్టుకునే ఏస్తన్నాను" అంది.

అందులో అబద్ధం లేదు. ఉప్పు కొలిచే నా చిన్న గొట్టంలో చుక్క వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే ప్రతి బుధవారం అదే ముప్ఫై అయిదు.

ఐదో వారంలో ఇంకో వింత కనిపించింది. తోలు పగడం పై భాగంలో తెల్లటి మచ్చలు. పై భాగంలోనే ఉన్నాయి, అడుగున లేవు. ఏ రోగమైనా పైనా కిందా చూసుకుని వస్తుందా? తొట్టె మీద వెలిగే దీపం వేడేమోనని దాని ఎత్తు పెంచాను. దీపం వెలిగే గంటలు తగ్గించాను. పెద్దాయన ముందుగది చీకటైపోయింది. చివరికి ఏమీ పాలుపోక, రొయ్యల చెరువుకు చెప్పే మాటే దానికీ చెప్పాను. నీళ్ళు ఇంకా ఎక్కువ మార్చండి, ఒక బకెట్టు కాదు రెండు అన్నాను. కాగితం మీద ఒకటి కొట్టేసి రెండు అని దిద్దాను.

ఆ తరువాత వారం గుండీ పగడాల్లో ఒక గుంపు కుళ్ళి రాలిపోయింది.

వెళ్ళినప్పుడల్లా పెద్దాయన ఎలా ఉన్నారని అడిగేవాణ్ణి. ఆవిడ ఒకసారి, "సెయ్యి ఎత్తడం మానీసేరు బాబూ. ఆదివారాలైతే ఒకటే సిరాకు. ఎడం సేత్తో కుర్సీ మీద బాదేస్తారు. సప్పిడి తిండి కదా, నోటికి నచ్చట్లేదు గావాల" అంది.

"చప్పిడి ఎందుకు?"

"ఈయనకి బాగవ్వాలని ఆదివారం సూరీడు దేవుడికి మొక్కుకున్నాను. ఆరోజు మా ఇంట్లో ఉప్పు ముట్టుకోం."

ఇది చదువుతున్న మీకు ఇప్పటికే వెలిగి ఉంటుంది. నాకు వెలగలేదు. మంచి మొక్కేనమ్మా అని, నా సీసాలు సర్దుకుని వచ్చేశాను. ఆవిడ చెప్పింది పెద్దాయన భోజనం సంగతి, నేను చూసేది తొట్టె సంగతి. నా బుర్రలో ఆ రెండూ వేరే వేరే గదుల్లో ఉన్నాయి.

మా ల్యాబులో మైక్రోస్కోపు దగ్గర ఒక అమ్మాయి పనిచేసేది. శృంగవరపుకోట పిల్ల, నా కూతురి వయసు, నన్ను బాబాయ్ అనేది. ముక్కుసూటి మనిషి. తొట్టె నమూనాలు ఆమె కూడా చూసింది, రోగపు పురుగేదీ లేదంది. ఒక శనివారం నేను తల పట్టుకుని కూర్చుంటే నా రిజిస్టరు లాక్కుని తిరగేసింది.

"బాబాయ్, సెరువుకైతే తెల్లారి ఒకపాలి, మజ్జాన్నం ఒకపాలి సూడమని రైతుల్ని సంపేస్తావు కదా. దీన్ని ఎప్పుడు సూసేవు? బుధవారం, బుధవారం, బుధవారం. మిగతా ఆర్రోజులూ ఆ తొట్టి ఏటి సేస్తన్నాదో నీకేటి తెల్సు?"

నాకు కోపం వచ్చింది. ఇరవై ఏడేళ్ళ సర్వీసు నాది, దీనికి నాలుగేళ్ళు నిండలేదు. కోపంలోనే, "అయితే నువ్వు కూడా రా, రేపే ఎల్దాం" అన్నాను. రేపంటే ఆదివారమని అన్న తరువాతగానీ గుర్తు రాలేదు.

మరునాడు ఆటోవాడు మిల్లు కూడలి దగ్గరే దింపేశాడు. జనంలోంచి నడుచుకుంటూ పదింటికి ఆ ఇంటికి చేరాం. తలుపు తీసే ఉంది. ఆవిడ అప్పటికే రెండు బకెట్ల పాత నీళ్ళు తీసేసి, కొత్త నీళ్ళు చిన్న చెంబుతో తొట్టెలో పోస్తోంది. నేను చెప్పినట్టే, ఒక్క చుక్క కింద పడకుండా నెమ్మదిగా పోస్తోంది. పెద్దాయన ఎడమచేత్తో కుర్చీ చేతిని బాదుతున్నాడు. ధన్ ధన్‌మని ఆగకుండా బాదుతున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన పళ్ళెం ఉంది. చప్పిడి ఉప్మా శుభ్రంగా తినేసి ఉంది, గింజ మిగల్లేదు.

మా ల్యాబు అమ్మాయి బకెట్టులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. నావైపు చూసింది.

"ఉప్పేదమ్మా?" అన్నాను.

"ఇయ్యాల ఆదివారం కదా బాబూ" అంది ఆవిడ, ఆ ఒక్క మాటతో అంతా చెప్పినట్టు.

"ఇది తినే ఉప్పు కాదు కదమ్మా, తొట్టిది."

"ఏదైనా ఉప్పు ఉప్పే కదా. సంచి ముట్టుకోను. రేపు తెల్లారి తానం సేసి, మీరు రాసినన్ని గ్లాసులూ ఏసెస్తాను. ఎప్పుడూ అలగే ఏస్తన్నాను. ఒక్కరోజే కదా."

"ఎలా ఏస్తారు?"

"పైనుంచే. గ్లాసుతో."

గొట్టం తీసి తొట్టె నీళ్ళ చుక్క వేసి చూశాను. ఇరవై ఎనిమిది. పొద్దున ముప్ఫై అయిదు ఉండి ఉంటుంది. ప్రతి ఆదివారం వాటిని సగం మంచినీళ్ళలో ముంచినట్టు ముంచి, సోమవారం పొద్దున వాటి నెత్తిన పొడి ఉప్పు కుమ్మరించడం. పై భాగంలోనే తెల్లమచ్చలు ఎందుకొచ్చాయో అప్పుడు తెలిసింది, ఉప్పు పడి కాలిన మచ్చలు అవి. చేపలు ఓర్చుకున్నాయి, పగడాలు ఓర్చుకోలేదు. బుధవారం నేను వచ్చేసరికి ఉప్పంతా కరిగి లెక్క సరిపోయేది. పైగా రెండు బకెట్లు చెయ్యమని రోగాన్ని రెట్టింపు చేసిందీ నేనే.

నేను గొట్టం ఎత్తి చూసేసరికి కుర్చీ చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన నావైపే చూస్తున్నాడు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. ఆయనకు చప్పిడి తిండి మీద కోపమే అయితే ఆ పళ్ళెం అంత శుభ్రంగా ఎలా ఉంటుంది? పాతికేళ్ళు పగడాల మీద పడవ నడిపిన మనిషి, రోజంతా ఆ తొట్టె ఎదుటే కూర్చున్న మనిషి. రెండు నెలల్లో ఆ ఇంట్లో నేను ప్రశ్న అడగని ప్రాణి ఎవరైనా ఉంటే అది ఆయనొక్కడే.

ఆవిడ చెంబు కింద పెట్టేసింది. మా ముఖాలు చూసి అంతా పోల్చుకుంది.

"నా మొక్కేనా బాబూ?" అంది.

"కాదమ్మా" అన్నాను. "మీ మొక్కులో తప్పు లేదు. ఆదివారం అని రాసింది నేను. ఆదివారమేనా అని మీరు అడిగేరు కూడా. నేను వినలేదు." గోడ మీద కాగితం పీకేశాను. ఈ మాటలు ఆవిణ్ణి ఓదార్చడానికి అన్నవి కావు, ఉన్న నిజం అదే.

ఆరోజు ఆవిడ ఉప్పు ముట్టుకోదు గనక మిగతా పని మేమే చేశాం. ఉప్పు బకెట్టులో బాగా కలిపి, ఒక్కసారి పొయ్యకుండా బొట్లు బొట్లుగా వదలాలి. ఎలాగా అని నేను ఆలోచిస్తుంటే ఆ అమ్మాయి అలమారాలో కనబడిన సెలైను గొట్టం అడిగి పుచ్చుకుంది. పెద్దాయనకు ఆసుపత్రిలో పెట్టగా మిగిలినది. బకెట్టు బల్ల మీద పెట్టి, ఆ గొట్టంతోనే తొట్టెకు సాయంత్రం దాకా ఉప్పునీళ్ళు ఎక్కించాం. మధ్యాహ్నం ఆవిడ మాకు భోజనం పెట్టింది. దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, పెరుగు, అన్నీ చప్పిడే. ఆ అమ్మాయి ముద్ద మింగలేక నీళ్ళు తాగుతూ కూర్చుంది. నేను మాత్రం మారు అడిగి వేయించుకున్నాను. ఆరోజు నాకు పడాల్సిన శిక్ష అంతకంటే చాలా పెద్దది.

కొత్త కాగితం మీద గురువారం అని రాశాను. రాసే ముందు ఏ రోజు కుదురుతుందో ఆవిణ్ణే అడిగాను. సాంబ్రాణి వేసుకోమన్నాను, దోమల మందు పెట్టుకోమన్నాను, రాగి చెంబులు దింపుకోమన్నాను. తోలు పగడం దక్కలేదు, పది రోజులకు కరిగిపోయింది. మిగిలినవి నెల తిరిగేసరికి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పెద్దాయన చెయ్యి మళ్ళీ ఎత్తడం మొదలుపెట్టాడు. పోయిన వారాలు మాత్రం తిరిగి రాలేదు. చెయ్యి చెంచా పట్టుకునేదాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. అవి నేను పోగొట్టిన వారాలని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు.

ఉద్యోగం మానేసే ముందు చివరిసారి వెళ్ళినప్పుడు నేను ఒక తెలివితక్కువ పని చేశాను. మనసులో తొలుస్తున్న ప్రశ్న ఆపుకోలేక, ఆయన కుర్చీ ముందు చతికిలబడి అడిగేశాను.

"అన్నా, ఆ ఆదివారాలు కుర్సీ బాదేవారు కదా. ఉప్పు ఏయట్లేదని మీకు అప్పుడే తెల్సు కదా?"

అడిగాక చూసుకున్నాను. ఆవిడ నా వెనకే, కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ముందు నన్ను చూశాడు. తరువాత నా భుజం మీదుగా ఆవిణ్ణి చూశాడు. చాలాసేపు చూశాడు. అప్పుడు తల అడ్డంగా ఊపాడు. తెలీదు అని.

ఆవిడ, "నాన్సెప్పేను కదా బాబూ, సప్పిడి తిండికే ఆ సిరాకు" అంటూ గ్లాసు నా చేతికిచ్చింది. ఆవిడ గొంతు తేలికపడింది. మా వృత్తిలో ఒక రీడింగు మీద అనుమానం వస్తే మళ్ళీ తీస్తాం. నేను కాఫీ తాగేసి, గ్లాసు కింద పెట్టి, మళ్ళీ అడగకుండా వచ్చేశాను.